సారొస్తే మాయమయ్యే ఫోటోలు

ఉద్యోగం దొరకడం కన్నా, దొరికిన ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందోనన్న దిగులే పెద్ద ఉద్యోగమని ఆ రోజుల్లో నాకెవరూ చెప్పలేదు. కర్ణాటకలో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడే మా వల్లూరు చుట్టూ వేరుశనగ చేలు పోయి నల్లటి సోలార్ పలకలు లేచిన కొత్త అది. ఊళ్లో ఏ అరుగు మీద కూర్చున్నా ఒకటే మాట, ఎవరికి సెక్యూరిటీ పని వచ్చింది, ఎవరికి పలకలు కడిగే పని వచ్చింది అని. మా చిన్నాయనకు గేటు దగ్గర టోపీ, ఈల దొరికాయి. మా అమ్మకు, పెద్దమ్మకు పలకలు కడిగే పని దొరికింది. పావగడలో డిగ్రీ చదివి, కంప్యూటర్ సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకున్న నాకు తిరుమణి దగ్గర, ఆ పలకలు కడిగించే కంపెనీ ఆఫీసులోనే, కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం వచ్చింది. మా ఇంటి మనుషుల్లో కూర్చుని చేసే పని దొరికింది నాకే మొదట. మా అవ్వకు ఆ సంగతి ఎంతకీ నమ్మకం కుదరలేదు. సాయంత్రం ఇంటికి రాగానే నా చేతులు తిప్పి చూసి, "ఏం చేసినావు ఈ పొద్దు, నిజం చెప్పు" అని అడిగేది.

ఆఫీసు అనగానే పెద్దగా ఊహించుకోకండి. లారీ మీద తెచ్చి పలకల మధ్య దించిన ఇనపరేకుల గది అది. పొద్దెక్కితే పెనంలా కాగేది. అందులో ఒక టేబుల్, దాని కింద సీపీయూ డబ్బా, మూలకొక ఫైళ్ల బీరువా, ఆ బీరువా మీద మా సారు హెల్మెట్. మా సారు, అంటే మేనేజరు, హుబ్బళ్లి వైపు మనిషి. కన్నడం తప్ప మాట్లాడేవారు కాదు (తెలుగు అర్థం కాదని మేము అనుకునేవాళ్లం, అది తప్పని తర్వాత తెలిసింది). నిజానికి చాలా మంచివారు. కానీ ప్రతి మాట చివరా "చెక్ మాడి, చెక్ మాడి" అనేవారు, అంటే సరిచూడు, సరిచూడు అని. అందుకని ఆడవాళ్లంతా ఆయనకు చెక్‌మాడి సారు అని పేరు పెట్టారు. మనిషి బాగా పొడగరి. కుర్చీలో కూర్చుంటే కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకే తెలిసేది కాదు. ఆ కాళ్ల సంగతి అప్పట్లో నేను గమనించలేదు. నా కళ్లు ఎప్పుడూ ఆయన కనుబొమ్మల మీదే ఉండేవి. అవి ముడిపడ్డాయంటే ఉద్యోగం ఊడినట్టే అనుకునేదాన్ని.

కథ గేటు పాసులతో మొదలైంది. అంతవరకు ఆడవాళ్లు కాగితం చీటీ చూపించి లోపలికి వచ్చేవాళ్లు. ఇకమీదట ఫోటో ఉన్న కార్డు లేనిదే ఎవరినీ లోపలికి వదలకూడదని బెంగళూరు నుంచి ఆర్డరు వచ్చింది. అందరి ఫోటోలు తీసి, పేరూ ఊరూ ఎక్కించి సిద్ధంగా పెట్టాలి. బెంగళూరు ఆఫీసులో ఉండే పెద్ద సారు కార్డులు అచ్చువేసే మిషన్ తీసుకుని స్వయంగా వస్తారు. ఆ రోజుకు ఎవరి ఫోటో లేకపోతే వాళ్లకు కార్డు లేదు, కార్డు లేకపోతే పని లేదు. మా అమ్మతో సహా. పాత డిస్కు నిండిపోయి ఉంది కాబట్టి, పావగడలో కంప్యూటర్లు బాగుచేసే అన్నను పిలిపించి కొత్త డిస్కు ఒకటి వేయించారు. ఆయన ఏ జబ్బుకైనా ముందు బ్లోయర్ తీసి దుమ్ము ఊదేవాడు, అందుకే ఆయనకు ఊదుడన్న అని పేరు. కంప్యూటర్‌లో 'డి' అనే అక్షరంతో కనిపించే ఆ కొత్త డిస్కులోనే తీసిన ఫోటోలన్నీ దాచి, కెమెరాలోవి చెరిపేశాను.

ఆ ఫోటోలు తీయడం ఒక తిరునాళ్ల. గది బయటి గోడకు తెల్ల దుప్పటి కట్టి, ఆఫీసు కెమెరా పట్టుకుని నేను నిలబడితే, కడిగే పనికి పాత చీరల్లో వచ్చే ఆడవాళ్లు ఆ రోజు పెళ్లిపట్టు చీరల్లో దిగారు. మా పెద్దమ్మ తన కోడలి చీర కట్టుకుని, కోడలి గొలుసు వేసుకుని వచ్చింది. ఒకామె నవ్వితే పళ్లు కనిపిస్తాయని, ఇంకొకామె నవ్వకపోతే కోపంగా కనిపిస్తుందని మళ్లీ మళ్లీ తీయించుకున్నారు. ఎండ కంట్లో పడి సగంమంది కళ్లు మూశారు. వాళ్లను వెతికి పట్టుకుని మళ్లీ నిలబెట్టాను. మొత్తానికి అందరివీ అయ్యాయి. ఆడవాళ్లంతా గుంపుగా వచ్చి, తెర మీద తమ ముఖాలు చూసుకుని, ఒకరిని చూసి ఒకరు నవ్వుకుని వెళ్లారు కూడా. ఈ మాట గుర్తు పెట్టుకోండి, అందరూ చూశారు. చూడనిది ఒక్క సారే.

ఆయన వచ్చి "ఫోటో తోర్సమ్మా" అన్నారు, చూపించమ్మా అని. నేను లేచి నా కుర్చీ ఇచ్చి, వెనక నిలబడ్డాను. ఆయన కూర్చున్నారు. కంప్యూటర్ 'టుడుంగ్' అని దిగులుగా ఒక చప్పుడు చేసింది. డి డ్రైవ్ లేదు. తెర మీద 'సి' ఉంది, పక్కన ఖాళీ. ఇప్పుడే ఉండింది సార్ అన్నాను. ఆయన కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. చెక్ మాడి అని లేచి బయటికి వెళ్లారు. తలుపు దాటారో లేదో, మళ్లీ 'టుడింగ్' అని ఉషారుగా ఇంకో చప్పుడు, డి డ్రైవ్ ప్రత్యక్షం, లోపల మా పెద్దమ్మ కోడలి గొలుసుతో సహా అందరూ క్షేమం. నేను పరుగెత్తి సార్ సార్ అని పిలిచాను. ఆయన వెనక్కి వచ్చి కూర్చున్నారు. టుడుంగ్. పోయింది.

మీరు నవ్వుతున్నారు గానీ, నాకు చెమటలు కాళ్ల దాకా కారాయి. ఆయన వస్తే పోవడం, వెళ్తే రావడం, ఇదే వరస. ఆయన ఇంకేమీ అనలేదు, పెద్ద సారు వచ్చే నాటికి ఉండాలమ్మా అని మాత్రం మెల్లిగా అన్నారు. ఆ మెల్లిదనంలో, ఈ పిల్ల పనేమీ చేయలేదు, నాటకం ఆడుతోంది అన్నది నాకు స్పష్టంగా వినిపించింది. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. ఊదుడన్నకు ఫోన్ చేస్తే వచ్చి, డబ్బా తలుపు తీసి, ఎప్పటిలా ఊది, తలుపు మూసి, "దుమ్ము మ్మా, వేరే ఏం లేదు" అన్నాడు. అప్పుడంతా బ్రహ్మాండంగా పనిచేసింది. ఆయన బండి గేటు దాటింది, సారు లోపలికి వచ్చారు, టుడుంగ్. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకుందామంటే, వైరస్ వస్తుందని పెన్‌డ్రైవ్‌లు లోపలికి రానివ్వరు. గేటు దగ్గర సంచులు వెతికేది మా చిన్నాయనే. సొంత అన్న కూతురినని చూడకుండా నా టిఫిన్ డబ్బా మూత కూడా తీసి చూసేవాడు. మెయిల్‌లో పంపుదామంటే, అప్పట్లో తిరుమణిలో సిగ్నల్ దొరకాలంటే నీళ్ల ట్యాంకరు ఎక్కాలి.

ఇంట్లో చెప్పుకుని ఏడిస్తే అవ్వ అంతా విని, ఒక్క క్షణంలో తేల్చేసింది. "ఆయప్ప కాలు మంచిది కాదు పాపా. కొందరి కాలు అట్లుంటాది. పాడి ఆవు కూడా తంతాది" అంది. అవ్వా, ఇది కంప్యూటర్ అన్నాను. "ఏదైతే ఏంది" అంది అవ్వ. చదువుకున్నదాన్ని కదా, ఆ మాట కొట్టిపారేశాను. కొట్టిపారేసినా, మర్నాడు సారు లోపలికి వస్తుంటే ఆయన ఏ కాలు ముందు పెడుతున్నారో దొంగచాటుగా చూశానని ఒప్పుకోవాలి.

పెద్ద సారు రావడానికి ఇంక కాస్త గడువే ఉందనగా, ఒక మధ్యాహ్నం సారు మళ్లీ వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. కుర్చీ ఇచ్చే తొందరలో నా పెన్ను మూత కింద పడింది. దాన్ని తీయడానికి టేబుల్ కింద వంగాను. అక్కడ కనిపించిన దృశ్యం నేను ఈ జన్మకు మరచిపోను. సారు ఎడమ కాలు చాపి, బూటు మొన సీపీయూ డబ్బా పక్కరేకుకు ఆనించి, హాయిగా బరువంతా వదిలి కూర్చున్నారు. రేకు లోపలికి సొట్టబోయి ఉంది. నేను చూస్తుండగానే ఆయన కాలు వెనక్కి లాక్కున్నారు. రేకు 'టప్' అని బయటికి వచ్చింది, పైన కంప్యూటర్ 'టుడింగ్' అంది. మళ్లీ చాపారు, టుడుంగ్. అవ్వ మాట ఇంత అక్షరాలా నిజమవుతుందని ఎవరనుకుంటారు? నేను పెన్ను మూత పట్టుకుని చాలాసేపు అక్కడే వంగి ఉండిపోయాను. పైనుంచి సారు ఏమైందమ్మా అని అడిగారు. ఏం లేదు సార్ అన్నాను.

రోగం తెలిస్తే భయం పోవాలి కదా. నాకు రెట్టింపయింది. ఇప్పుడు ఆయనకు చెప్పేదెట్లా? సార్, మీ కాలు తీయండి అని మేనేజరుతో అనడమా, అదీ చేరి నిండా మూడు నెలలు కాని పిల్ల? పొద్దున వల్లూరు నుంచి నడిచి వెళ్తూ కన్నడంలో ఆ వాక్యాన్ని నానా విధాల అల్లి చూసుకునేదాన్ని. ఎంత మర్యాద పూసినా చివరకు అది 'కాలు' దగ్గరే వచ్చి ఆగేది, అక్కడ నా నోరు పడిపోయేది. చిన్నాయనకు చెప్పాను, నువ్వైనా చెప్పమని. చిన్నాయన టోపీ తీసి, తల గోక్కుని, "నేను గేటు మనిషినమ్మా. గేటు బయట కాలైతే చెప్తా" అన్నాడు. అమ్మ అయితే ఆ ఆలోచనే వద్దంది. "పెద్దోళ్ల కాళ్ల గురించి మనమెట్ల మాట్లాడేది? ఇంకేదన్నా దావ చూడు" అంది. కుర్చీ జరిపి చూశాను. ఆయన కూర్చోగానే తిరిగి జరుపుకునేవారు. డబ్బాను గోడ వైపు తోశాను. ఆ పొడుగు కాలికి అది కూడా అందింది.

ఆ దావ శుక్రవారం నాడు దొరికింది. గేటు దగ్గర చిన్నాయన తన కుర్చీకీ, రిజిస్టరుకూ కుంకుమ పెట్టి అగరుబత్తి వెలిగిస్తుంటే, నా బుర్రలోనూ ఏదో వెలిగింది. పూజ చేసిన వస్తువు మీద కాలు ఎవరు పెడతారు? మర్నాడు ఇంట్లోంచి పసుపు కుంకుమలు పొట్లం కట్టుకుని వెళ్లి, సీపీయూ డబ్బాకు, ముఖ్యంగా ఆ పక్కరేకుకు, నిండుగా బొట్లు పెట్టి, పైన కనకాంబరాలు పెట్టాను. (చిన్నాయన ఆ పొట్లం కూడా విప్పి వాసన చూశాకే లోపలికి వదిలాడు.) సారు వచ్చి, కూర్చోబోయి, వంగి చూసి, కాళ్లు రెండూ కుర్చీ కిందికి ముడుచుకున్నారు. టుడుంగ్ లేదు. ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా చూశారు. పెద్ద సారు వచ్చేదాకా రోజూ కొత్త పువ్వు, కొత్త బొట్టు. నాలో అంత భక్తి ఎప్పుడూ లేదు.

ఆ రోజు రానే వచ్చింది. పెద్ద సారు బెంగళూరు నుంచి జీపులో, కార్డుల మిషన్‌తో దిగారు. కన్నడిగులే, కానీ సారు కన్నా తక్కువ మాటలు, ఎక్కువసార్లు వాచీ చూసుకునే మనిషి. ఆడవాళ్లంతా కార్డుల కోసం గేటు పక్క నీడలో బారులు తీరి కూర్చున్నారు. లోపల పెద్ద సారు, సారు, నేను, తలుపు దగ్గర చిన్నాయన. పెద్ద సారు చూపు కింద ఉన్న సీపీయూ మీద పడింది. ఇదేమిటి అని అడిగారు. మా సారు గర్వంగా, ఈ అమ్మాయి రోజూ పూజ చేస్తుంది సార్ అన్నారు. ఆ తర్వాత మా సారుకే ఏమనిపించిందో, బూట్లు విప్పి, పూజ చేసిన దాన్ని నేల మీద పెడతారా అంటూ, నేను వద్దు సార్ అనేలోపు, రెండు చేతులతో డబ్బాను ఎత్తి టేబుల్ మీద పెట్టారు. టుడుంగ్.

ఈసారి ఎంతసేపు చూసినా రెండో చప్పుడు రాలేదు. ఆపి మళ్లీ వేశాను. రాలేదు. కాలు తీస్తే తిరిగి వచ్చేది ఇదివరకు, ఇప్పుడు తీయడానికి కాలే లేదు. పెద్ద సారు వాచీ చూసుకున్నారు. మా సారు కళ్లలో మొదటిరోజు చూపు మళ్లీ కనిపించింది. ఊదుడన్నకు ఫోన్ చేయడానికి ట్యాంకరు ఎక్కాను. అక్కడినుంచి చూస్తే గేటు దగ్గర పట్టుచీరలు (ఫోటో అయిపోయినా, కార్డు తీసుకోవడానికి కూడా కట్టుకొచ్చారు) ఎండలో మెరుస్తున్నాయి. వాటి మధ్య మా అమ్మ నా వైపే చూస్తోంది. దిగి వచ్చేసరికి సంగతి అందరికీ పాకింది. పెద్దమ్మ నా చేయి పట్టుకుని, "మళ్లా ఫోటో అంటే నా వల్ల కాదు పాపా. ఆ గొలుసు కోడలు మళ్లా ఇయ్యదు" అని గుసగుసగా చెప్పింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడిచాను, బీరువా వెనక నిలబడి, చప్పుడు కాకుండా.

ఊదుడన్న వచ్చి, అంతమంది ముందూ మొదట బ్లోయరే తీశాడు. ఊదాడు. ఏమీ లేదు. అప్పుడు పక్కరేకు విప్పి, డిస్కు వెనక నుంచి సన్నటి ఎర్ర పట్టీలాంటి తీగను రెండు వేళ్లతో పట్టుకుని కదిపాడు. టుడింగ్. వదిలాడు. టుడుంగ్. "డిస్కు బాగానే ఉండాది. ఈ కేబులే సచ్చింది" అన్నాడు.

పెద్ద సారు నమ్మలేదు. డబ్బాలో ఒక మూల కదలకుండా పడి ఉండే తీగ ఎందుకు అరుగుతుంది అని అడిగారు. ఊదుడన్నకు అలాంటి ప్రశ్న ఎప్పుడో గానీ దొరకదు. సగం కన్నడం, సగం తెలుగు కలిపి అందుకున్నాడు. "కదలదని ఎవరు చెప్పిరి సార్? లోపల ఫ్యాను తిరిగినంతసేపూ ఇది వణుకుతానే ఉంటాది" అన్నాడు. ఈ రేకుల గది పగలంతా కాగుతుంది, రాత్రికి చల్లారుతుంది, అట్లా కాగీ చల్లారీ పై ప్లాస్టిక్ గట్టిపడి పెళుసవుతుందట. డిస్కుకు గుచ్చే మొన దగ్గర మడత పడితే లోపలి వెంట్రుకల్లాంటి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, పైన తోలు మాత్రం కొత్తదానిలా మెరుస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. తీసి పెట్టినప్పుడల్లా మొన దగ్గరి పూత కొంచెం కొంచెం అరుగుతుంది. సందులోకి మన పొలాల దుమ్ము చేరుతుంది. పట్టి ఉంచే చిన్న కొక్కెం విరిగితే, ఆ మొన తన బరువుకు తానే వాలిపోతుంది, ఇక పక్కనుంచి కాస్త ఒత్తిడి తగిలినా చాలు. జనం తీగను చూడకుండా డిస్కు పోయిందని డిస్కునే పారేస్తారు అని కూడా అన్నాడు. అలా చెబుతూ విప్పిన రేకును తిప్పి చూసి ఆగిపోయాడు. దాని మధ్యలో గుండ్రంగా సొట్ట ఉంది. "దీని మీద ఎవరో బాగా ఒత్తినట్టుండారే" అన్నాడు.

మా సారు సొట్టను చూశారు. పెద్ద సారు మా సారును చూశారు. నేను నేలను చూశాను, అక్కడ మా సారు విప్పిన బూట్లు కనిపించి, వెంటనే పైకప్పును చూశాను. అప్పుడు తలుపు దగ్గర నుంచి చిన్నాయన గొంతు సవరించుకున్నాడు.

"గొర్రె పొడిచింటాది సార్. మధ్యాన్నం నీడకని లోపలికి దూరుతా ఉంటాయి."

మా సారు ముఖం తేటపడింది. తెలుగులో చెప్పిన మాట అనువాదం లేకుండానే అర్థం చేసుకుని, ఇకమీద ఒక్క గొర్రె కూడా గేటు దాటి రాకూడదు, చెక్ మాడి అని చిన్నాయనకే ఆర్డరు వేశారు. ఆ పలకల కింద గడ్డి మేసే గొర్రెలు ఎవరివంటే, చిన్నాయనవే. ఆయన ముఖం చూడాల్సింది.

ఊదుడన్న సంచిలోంచి కొత్త కేబుల్ తీసి వేశాడు. పాతదాన్ని కిందపడేయకుండా చటుక్కున జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది, డిస్కు కొత్తదే గానీ, దానికి తగిలించిన తీగను ఆయన వేరే పాత కంప్యూటర్‌లోంచి పీకి తెచ్చాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నువ్వు అనొద్దు, నేను అనను అని ఆ చూపుకు అర్థం. అలా ఆ గదిలో నేను, చిన్నాయన, ఊదుడన్న, ఒక గొర్రె, కలిసి ఇద్దరి మర్యాద కాపాడాం. ఫోటోలు వచ్చాయి. మిషన్ గరగరలాడుతూ ఒక్కో కార్డునూ బయటికి తోసింది. ఆడవాళ్లు వేడివేడి కార్డులు చేతిలో పట్టుకుని, నల్లగా వచ్చానని, ముక్కు పెద్దగా పడిందని నన్ను తిట్టుకుంటూ వెళ్లారు. ఆ తిట్లు ఎంత చల్లగా తగిలాయో చెప్పలేను. మా అమ్మ మాత్రం కార్డు చూసుకోలేదు. నా ముఖమే చూసి, "తిన్నావా" అని అడిగింది.

తర్వాత కొంతకాలానికి సారుకు బదిలీ అయింది. వీడ్కోలు చిన్న సభలాగా పెట్టారు. ఆయన లేచి, మొదటిసారిగా, తడుముకుంటూ తెలుగులో మాట్లాడారు. ఈ ఆఫీసులో తాను నేర్చుకున్నది ఒకటుందని, పనిముట్టును దేవుడిలా చూసుకోవడం ఎలాగో ఈ పిల్లను చూసి తెలుసుకున్నానని, తన జీవితంలో ఇంత భక్తి ఉన్న ఆపరేటరును చూడలేదని అన్నారు. అని, కాగితం చుట్టిన సరస్వతమ్మ పటం ఒకటి నా చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నాయన మరీ గట్టిగా కొట్టాడు. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, కానీ ఆయన కళ్లలో అంత నిండు ఆనందం ఉంటే, దాని మీద ఎవరు కాలు పెడతారు?

ఇప్పుడు నేను పావగడలో ఇంకో ఆఫీసులో పనిచేస్తున్నాను. నచ్చనిది ఎవరికైనా ముఖం మీదే చెప్పేస్తాను, నాకు నోరెక్కువని పేరు కూడా వచ్చింది. ఆ పేరు వినిపించినప్పుడల్లా నాకు ఆ పిల్ల గుర్తొస్తుంది, దుమ్ము దారిలో నడుస్తూ, ఒక పెద్దమనిషి మనసు నొవ్వకుండా ఒక్క కన్నడ వాక్యం కోసం వెతుక్కుంటూ వెళ్లే పిల్ల. ఎదురుపడితే, ఎందుకే అంత భయం, ఆయన ఏమీ అనుకోరు, అడిగెయ్ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. పసుపు పొట్లం ఇంకాస్త గట్టిగా పట్టుకుని, నన్ను కూడా పక్కకు జరగమనలేక, చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది.